ఆగిన లారీకి 3 నిమిషాల గడువు.. జరిమానా మాత్రం ఎవరికి పడాలి?

న్యూయార్క్ నగరంలో ఒక స్కూలు పక్కన సరుకు ట్రక్కు ఆగి ఉంది అనుకుందాం. డ్రైవర్ సీట్లోనే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంజన్ ఆపలేదు. రోడ్డుకు అవతల నిలబడ్డ ఒకాయన సెల్‌ఫోన్ ఎత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు. నంబర్ ప్లేటు, డోరు మీద కంపెనీ పేరు, ఆగకుండా వినిపిస్తున్న ఇంజన్ చప్పుడు అన్నీ అందులో పడ్డాయి. ఒక నిమిషం దాటింది. అంతే, కేసు తయారు.

ఆ వీడియోను ఆయన నగర పర్యావరణ శాఖకు పంపుతాడు. విచారణలో తప్పు రుజువైతే ట్రక్కు కంపెనీకి మొదటిసారి 350 డాలర్ల జరిమానా. కంపెనీ కట్టిన దాంట్లో పావు వంతు, అంటే 87 డాలర్ల 50 సెంట్లు, వీడియో తీసినాయనకు దక్కుతుంది. బండి తోలినందుకు కాదు, గుద్దినందుకు కాదు, ఆగి ఉన్న బండిలో ఇంజన్ ఆపనందుకు ఇంత హంగామా!

వినడానికి తమాషాగా ఉన్నా, లారీల మీద బతికే కుటుంబాలకు ఇది తమాషా కాదు. తెలుగు ముస్లిం ఇళ్లలో డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్‌లు, ఒకటి రెండు బండ్లున్న చిన్న ఓనర్లు చాలామంది. షికాగోలోనో న్యూజెర్సీలోనో స్టీరింగ్ పట్టుకున్న తమ్ముడో బావమరిదో ఉన్న ఇళ్లూ ఉన్నాయి. అవే ఇళ్ల పిల్లలు రోజూ స్కూలు బస్సుల మధ్య నుంచి నడిచి గేటు దాటుతున్నారు. ఈ రూల్స్ ఎందుకొచ్చాయి, ఎక్కడ పనిచేశాయి, ఎక్కడ బెడిసికొట్టాయి అన్నది రెండు వైపుల నుంచీ తెలుసుకోవాల్సిన సంగతి.

స్టార్టింగ్‌లో ఉంచితే ఏమవుతుంది?

ఇంగ్లిష్‌లో ఐడ్లింగ్ అంటారు. మన డ్రైవర్ల మాటలో బండిని స్టార్టింగ్‌లో ఉంచడం. చక్రం కదలదు కానీ డీజిల్ మండుతూనే ఉంటుంది. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం పెద్ద ట్రక్కు ఇలా గంటసేపు ఉంటే దాదాపు 0.8 గ్యాలన్ డీజిల్ తాగుతుంది. అంటే సుమారు 3 లీటర్లు. రాత్రి 8 గంటలు అలాగే వదిలేస్తే 24 లీటర్లు. లీటరు 95 రూపాయలు అనుకున్నా 2,280 రూపాయలు. మన లారీల ఇంజన్లు అమెరికా ట్రక్కుల కంటే చిన్నవి కాబట్టి సగమే తాగుతుందనుకుందాం. అయినా రాత్రికి 1,100 పైనే పొగలో పోయినట్టు. అమెరికాలో దూర ప్రయాణం చేసే ఒక్కో ట్రక్కు ఏడాదికి సుమారు 1,800 గంటలు ఇలా ఆగి మండుతుందని అదే శాఖ అంచనా.

డబ్బు సంగతి ఓనర్ చూసుకుంటాడు. పొగ సంగతి మాత్రం పక్కన నిలబడ్డ వాళ్లది. డీజిల్ పొగ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో తేల్చేసింది. అంతకుముందు 1988 నుంచి "కారణం కావచ్చు" అనే జాబితాలో ఉన్న దాన్ని, ఖాయంగా కారణమే అనే మొదటి జాబితాలోకి మార్చింది. పిల్లలకు ముప్పు ఇంకా ఎక్కువ. వాళ్ల శరీర బరువుతో పోలిస్తే పెద్దల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు, ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూ ఉంటాయి. పైగా పెద్దల కంటే పిల్లల ముక్కు సైలెన్సర్ గొట్టం ఎత్తుకు దగ్గరగా ఉంటుంది.

"కొత్త బండి కదా, పొగే రాదు" అనే మాట ఇప్పుడు తరచూ వినిపిస్తోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చాక నల్ల పొగ తగ్గిన మాట నిజమే. అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. కొత్త లారీల్లో నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులను శుభ్రం చేసే భాగం, డెఫ్ లేదా యూరియా నీళ్లు అని డ్రైవర్లు పిలిచే ద్రవంతో పనిచేస్తుంది. అది సరిగ్గా పనిచేయాలంటే పొగ బాగా వేడిగా, దాదాపు 200 డిగ్రీల దగ్గర ఉండాలి. లోడుతో హైవే మీద పోతున్నప్పుడు ఆ వేడి ఉంటుంది. ఆగి, స్లోలో నడుస్తున్న ఇంజన్ పొగ చల్లబడిపోతుంది. అప్పుడు ఎంత కొత్త బండైనా ఆ వాయువులను చాలా వరకు అలాగే వదిలేస్తుంది. మసిని పట్టుకునే ఫిల్టర్‌కూ ఇదే తంటా. వేడి చాలక మసి కాలిపోదు, పేరుకుంటుంది. చివరికి డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, బండి పికప్ పడిపోతుంది, షోరూమ్ బిల్లు వస్తుంది. గంటల తరబడి స్టార్టింగ్‌లో ఉంచే అలవాటు బీఎస్-6 బండికి పాత బండి కంటే ఎక్కువ చేటు.

మరి డ్రైవర్లు ఎందుకు ఆపరు? బద్ధకం అనేస్తే సరిపోదు. బ్యాటరీ దిగిపోయి, సెల్ఫ్ సరిగ్గా అందుకోని బండిని ఆపాలంటే ఏ డ్రైవరైనా జంకుతాడు. ఎక్కడో గాలి లీకయ్యే పాత లారీని ఆపితే బ్రేకుల ట్యాంకులో ప్రెషర్ దిగిపోతుంది. మళ్లీ గాలి పట్టే దాకా బండి కదలదు. వెనకనుంచి హారన్లు. ఘాట్ ఎక్కి వచ్చిన వెంటనే టర్బో చల్లబడేందుకు రెండు మూడు నిమిషాలు ఇంజన్ నడపాలని కంపెనీల వాళ్లే చెబుతారు. అదీ నిజమే. పొద్దున్నే అరగంట వేడి చేయాలన్నది మాత్రం పాత కాలపు మాట. ఇప్పటి ఇంజన్లకు కొన్ని నిమిషాలు చాలు, మిగతా వేడి నెమ్మదిగా తోలుతుంటే వస్తుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే ఎక్కువ డీజిల్ తాగుతుందనేదీ అంతే. కార్లు, చిన్న బండ్లలో 10 సెకన్లకు మించి ఆగేటట్టయితే ఆపడమే లాభమని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది.

న్యూయార్క్: రూలు పాతది, ఫోన్ కొత్తది

న్యూయార్క్‌లో ఇంజన్ ఆపాలన్న నిబంధన 1971 నుంచీ ఉంది. ఆగిన బండి 3 నిమిషాలకు మించి స్టార్టింగ్‌లో ఉండకూడదు. స్కూలు పక్కనైతే 1 నిమిషమే. 2009లో చేసిన స్థానిక చట్టంతో ఈ ఒక్క నిమిషం రూలు వచ్చింది. సర్కారు బడా, ప్రైవేటు బడా అనే తేడా లేదు. అంబులెన్సులు, ఫైరింజన్ల లాంటి అత్యవసర వాహనాలకు మినహాయింపు. ఇంజన్ బలంతోనే సరుకు ఎక్కించే, దించే యంత్రం నడుస్తుంటే దానికీ మినహాయింపు. బస్సులకు వేరే షరతు ఉంది. బయట 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే వేడిగా ఉన్నప్పుడు, అంటే మన లెక్కలో నాలుగున్నర డిగ్రీలు దాటితే, రూట్ చివరి స్టాపులో బస్సు ఇంజన్ అసలు ఆన్‌లో ఉంచకూడదు.

రూలు ఉంది గానీ ఏళ్ల తరబడి పట్టించుకున్నవాడు లేడు. వాచీ చూసుకుంటూ ట్రక్కు పక్కన 3 నిమిషాలు నిలబడే తీరిక ఏ పోలీసుకు ఉంటుంది? జార్జ్ పాకెన్‌హామ్ అనే ఒక బ్యాంకర్ కొన్నేళ్ల పాటు వీధుల్లో తిరిగి, ఆగిన బండ్ల అద్దం తట్టి, చట్టం రాసిన కాగితం చేతిలో పెట్టి, దయచేసి ఆపండి అని అడిగేవాడు. దాని మీద ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది. 2018లో నగర కౌన్సిల్ చేసిన స్థానిక చట్టంతో కథ మారింది. ట్రక్కులు, బస్సుల మీద మామూలు పౌరులే వీడియో తీసి ఫిర్యాదు చేయవచ్చు, జరిమానాలో పావు వంతు వాళ్లకే. 2020 ఫిబ్రవరిలో అప్పటి మేయర్ బిల్ డి బ్లాసియో, రాక్ గాయకుడు బిల్లీ ఐడల్‌ను పక్కన పెట్టుకుని ప్రచారం కూడా మొదలుపెట్టారు. ఐడల్ అన్న ఇంటిపేరు ఐడ్లింగ్‌కు అలా కలిసొచ్చింది.

ఫలితం ఎలా ఉందంటే 2023లో వచ్చిన ఫిర్యాదులు 80 వేలకు పైనే. కొందరికి ఇదే ఉద్యోగంగా మారింది, సైకిల్ మీద తిరుగుతూ రోజుకు పదులకొద్దీ వీడియోలు తీసేవాళ్లు తయారయ్యారు. వీడియో తీస్తున్నవాళ్ల మీద డ్రైవర్లు తిరగబడ్డ సంఘటనలూ వార్తల్లోకి వచ్చాయి. ఈ డబ్బు ఆశను తగ్గించాలని కౌన్సిల్‌లోనే కొందరు బిల్లులు తెచ్చారు. పదే పదే దొరికే కంపెనీకి జరిమానా 2,000 డాలర్ల దాకా పెరుగుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పౌరుల ఫిర్యాదులో చలానా వెళ్లేది డోరు మీద పేరున్న కంపెనీకి. ఆ జరిమానాను కంపెనీ తనలో భరిస్తుందా, లేక నెలాఖరున డ్రైవర్ జీతంలో కోస్తుందా అన్నది వేరే కథ.

ఎందుకింత పట్టుదల అంటే సౌత్ బ్రాంక్స్ చూడాలి. హంట్స్ పాయింట్ అనే చోట కూరగాయలు, మాంసం, చేపల హోల్‌సేల్ మార్కెట్లున్నాయి. నగరం తినే తిండిలో పెద్ద భాగం అక్కడి నుంచే వెళ్తుంది, అందుకోసం రోజూ వేల ట్రక్కులు వచ్చిపోతాయి. చుట్టూ ఉండేది ఎక్కువగా పేద కుటుంబాలు, పిల్లల్లో ఆస్తమా నగరంలోనే ఎక్కువగా కనిపించే ప్రాంతాల్లో ఇదొకటి. గుంటూరు మిర్చి యార్డు సీజన్‌లోనో, హైదరాబాద్ మలక్‌పేట గంజ్ దగ్గరో లారీల వరుస చూసినవాళ్లకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు.

రాత్రి నిద్ర మీద పడిన రూలు

కాలిఫోర్నియా వేరే దారిలో వెళ్లింది. అక్కడ రాష్ట్ర గాలి నాణ్యతా బోర్డు 2003లో మొదట స్కూలు బస్సులతో మొదలుపెట్టింది. బడి దగ్గరికి రాగానే బస్సు ఇంజన్ ఆపాలి, బయల్దేరే ముందు మాత్రమే మళ్లీ స్టార్ట్ చేయాలి. 2005 నుంచి 10,000 పౌండ్లు దాటిన, అంటే నాలుగున్నర టన్నుల పైబడిన డీజిల్ బండ్లన్నిటికీ 5 నిమిషాల హద్దు పెట్టింది. ట్రాఫిక్‌లో చిక్కుకుంటే, బండి పాడైతే, సిమెంట్ మిక్సర్ డ్రమ్ము తిప్పుతుంటే, టిప్పర్ ఎత్తుతుంటే మినహాయింపు. బస్సులో ప్రయాణికులు ఎక్కే ముందు 10 నిమిషాలు అదనం. 2008 నుంచి కొత్త ఇంజన్లకు, 5 నిమిషాలు ఊరికే నడిస్తే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉండాలన్నారు. లేదంటే ఆగి ఉన్నప్పుడు కూడా తక్కువ పొగ వదిలే ఇంజన్ అని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, అలాంటి బండి మీద స్టిక్కర్ ఉంటుంది.

అసలు గొడవ స్లీపర్ ట్రక్కులతో వచ్చింది. అమెరికాలో సరుకు ట్రక్కు డ్రైవర్ డ్యూటీ అయ్యాక వరుసగా 10 గంటలు విశ్రాంతి తీసుకోవాలన్నది కేంద్ర నిబంధన. ఆ విశ్రాంతి చాలామందికి హోటల్‌లో కాదు, క్యాబిన్ వెనక ఉన్న పరుపు మీదే. ఎండాకాలం ఎడారి పక్కన 40 డిగ్రీల వేడిలో, చలికాలం మంచులో ఇంజన్ ఆపి ఎలా పడుకోవాలి? 2008 జనవరి 1 నుంచి కాలిఫోర్నియా ఈ మినహాయింపును కూడా తీసేసింది. "పడుకోవద్దంటారా, చచ్చిపొమ్మంటారా?" అన్నంత కోపం డ్రైవర్లలో రావడం సహజమే. నిద్ర చాలని డ్రైవర్ తెల్లారి హైవే ఎక్కితే ఏమవుతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

జవాబుగా వచ్చింది క్యాబిన్ పక్కన బిగించే చిన్న ఇంజన్ పెట్టె. పెద్ద ఇంజన్ ఆగిపోయినా ఇది ఏసీ, హీటర్, ఫోన్ చార్జింగ్ నడుపుతుంది, డీజిల్ చాలా తక్కువ తాగుతుంది. ఆ తర్వాత బ్యాటరీ మీద నడిచే ఏసీలు వచ్చాయి. కొన్ని ట్రక్ స్టాపుల్లో కరెంటు ప్లగ్ పెట్టారు. ఈ పెట్టె బరువు వల్ల బండి ఓవర్‌లోడ్ కింద దొరికిపోకుండా 550 పౌండ్ల వరకు, అంటే దాదాపు 250 కిలోల వరకు, అదనపు బరువును రాష్ట్రాలు అనుమతించేలా అమెరికా కేంద్ర చట్టం 2012లో సవరించారు. కాటా దగ్గర ఒక్కో క్వింటాకు బేరమాడే మన లారీ వాళ్లకు ఈ సవరణ విలువ వెంటనే అర్థమవుతుంది. డ్రైవర్‌ను ఇంజన్ ఆపమన్నప్పుడు, ఆపాక చల్లగా పడుకునే దారి కూడా చూపించాలన్న ఇంగితం ఇందులో ఉంది. కాకపోతే ఆ పెట్టె ఖరీదు వేల డాలర్లు. పెద్ద కంపెనీలు కొన్నాయి, ఒక్క బండి ఉన్నవాడు అప్పు చేశాడు.

వెయిటింగ్ చేయించిన వాళ్లకే చలానా

ఈ మొత్తం కథలో మన దగ్గర అందరూ తెలుసుకోవాల్సిన భాగం ఇంకొకటి. అది కూడా కాలిఫోర్నియాదే.

లాస్ ఏంజెలిస్, లాంగ్ బీచ్, ఓక్లాండ్ పోర్టుల బయట కంటైనర్ ట్రక్కులు గంటల తరబడి క్యూలో ఉండేవి. ముందున్న బండి నాలుగు అడుగులు జరుగుతుంది, వెనకది నాలుగు అడుగులు జరగాలి. అలాంటి క్యూలో ఎవరు ఇంజన్ ఆపుతారు? ఆ డ్రైవర్లలో చాలామంది సొంత బండి తోలుకునే వలస కార్మికులు. ట్రిప్పుకు ఇంత అని డబ్బు, క్యూలో నిలబడ్డ గంటలకు పైసా రాదు. డీజిల్ వాళ్లదే, పొగ పీల్చేదీ వాళ్లే, చుట్టుపక్కల పేద బస్తీలే. జరిమానా కూడా వాళ్ల మీదే వేస్తే ఏం న్యాయం?

2002లో అక్కడి శాసనసభలో అలన్ లోవెంతాల్ తెచ్చిన బిల్లు దీన్ని తలకిందులు చేసింది. గేటు దగ్గర ట్రక్కు 30 నిమిషాలకు మించి స్టార్టింగ్‌లో నిలబడాల్సి వస్తే, ఒక్కో ట్రక్కుకు 250 డాలర్ల జరిమానా టెర్మినల్ నడిపే కంపెనీకే. డ్రైవర్‌కు కాదు, ట్రక్కు ఓనర్‌కు కాదు. అంతటితో ఆగలేదు. ఆ జరిమానాను ఏదో ఒక వంకతో డ్రైవర్ నుంచో, ఓనర్ నుంచో వసూలు చేయాలని చూస్తే అది కూడా మరో నేరమని చట్టంలోనే రాశారు. సేఠ్ చేసిన తప్పు కిరాయిలో కోతగా డ్రైవర్ నెత్తిన పడే తీరు తెలిసినవాళ్లే ఈ వాక్యం రాసి ఉంటారు.

ఇది పూర్తిగా పనిచేసిందా? లేదు. రాత్రి వేళ, శని ఆదివారాలు గేట్లు తెరిచినా, ట్రక్కులకు అపాయింట్‌మెంట్ టైములు ఇచ్చినా టెర్మినల్‌కు ఈ రూలు నుంచి వెసులుబాటు దొరికేది. చాలా టెర్మినళ్లు కాగితం మీద అపాయింట్‌మెంట్ పద్ధతి పెట్టేశాయి. దక్షిణ కాలిఫోర్నియాలో ఈ తంతును పరిశీలించిన జెనవీవ్ జూలియానో, థామస్ ఓబ్రయన్ అనే పరిశోధకులు 2007లో తేల్చింది ఏమంటే, అపాయింట్‌మెంట్ల వల్ల క్యూలు తగ్గినట్టు ఆధారం లేదు. లెక్క గేటు బయట కాబట్టి, గేటు దాటాక లోపల ఎంతసేపు నిలబడ్డా ఎవరూ అడగలేదు. చట్టం రాసేటప్పుడు కొలత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసుకోకపోతే ఇలాగే జరుగుతుంది. అయినా వెయిటింగ్‌కు బాధ్యుడు డ్రైవర్ కాదు, గేటు తాళం ఎవరి చేతిలో ఉందో వాళ్లు అన్న మాటను ఒక చట్టం కాగితం మీద పెట్టడం చిన్న విషయం కాదు.

అమెరికాలో బండి తోలే బంధువులున్నవాళ్లు ఒక మాట చెవిన వేయాలి. అక్కడ ఊరికో రూలు, రాష్ట్రానికో రూలు. న్యూజెర్సీలో 3 నిమిషాలు, చలానా డ్రైవర్‌కూ ఓనర్‌కూ విడివిడిగా పడవచ్చు. ఇల్లినాయిస్‌లో రాష్ట్ర చట్టం వర్తించే ప్రాంతాల్లో గంటలో 10 నిమిషాలు. కానీ హైదరాబాదీ హోటళ్లు వరుసగా కనిపించే డెవాన్ అవెన్యూ ఉన్న షికాగో నగరం లోపలికి రాగానే డీజిల్ బండికి గంటలో 3 నిమిషాలే. ఊరి హద్దు దాటిన సంగతి గమనించకపోతే చలానా గ్యారంటీ. జాబ్‌లో చేరేటప్పుడే, "ఇంజన్ ఆన్‌లో ఉన్నందుకు చలానా వస్తే ఎవరు కట్టాలి?" అని కంపెనీని అడిగి కాగితం మీద రాయించుకోవడం మంచిది.

మన దగ్గర చట్టం ఏం చూస్తోంది?

మన మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 126 ఉంది. బహిరంగ ప్రదేశంలో బండి ఆపి ఉంచితే డ్రైవర్ సీట్లో లైసెన్స్ ఉన్న మనిషి ఉండాలి, లేదా ఇంజన్ ఆపి, బ్రేకులు వేసి, బండి దానంతట అది కదలకుండా చూడాలి అని దాని సారాంశం. క్లీనర్ కుర్రాణ్ని సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ ఆన్‌లో ఉంచి డ్రైవర్ చాయ్‌కి దిగడం ఈ సెక్షన్ ప్రకారం తప్పే, ఆ కుర్రాడికి లైసెన్స్ లేకపోతే. కానీ ఈ సెక్షన్ భయం ప్రమాదం గురించి, పొగ గురించి కాదు. లైసెన్స్ ఉన్న డ్రైవర్ సీట్లోనే ఉంటే 3 నిమిషాలా 3 గంటలా అని అది అడగదు. ఇక పొల్యూషన్ సర్టిఫికెట్ చూసేది యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పొగ ఎంత చిక్కగా ఉందనేది. ఎంతసేపు ఆగి మండిందో అందులో రాదు. సర్టిఫికెట్ చేతిలో ఉన్న బస్సే స్కూలు గేటు ముందు అరగంట పొగ వదిలినా ఆ కాగితానికి ఏమీ కాదు.

2020 అక్టోబర్‌లో ఢిల్లీ ప్రభుత్వం "రెడ్ లైట్ ఆన్, గాడీ ఆఫ్" అని ప్రచారం చేసింది. సిగ్నళ్ల దగ్గర వాలంటీర్లు ప్లకార్డులు పట్టుకుని, పువ్వులిచ్చి ఇంజన్ ఆపమని అడిగారు. అది విన్నపమే, చలానా కాదు. కార్లు, బైకుల వాళ్లకు చెప్పుకోదగ్గ అలవాటే. సరుకు దించే దాకా నాలుగు గంటలు నిలబడాల్సిన లారీకి సిగ్నల్ దగ్గర ఇచ్చిన పువ్వు వల్ల ఒరిగేది తక్కువ.

మన ఊళ్లలో భారీ బండి ఎక్కడెక్కడ ఆగుతుందో చూస్తే సంగతి తెలుస్తుంది. హైదరాబాద్‌లోకి పగటి పూట భారీ లారీలకు నో ఎంట్రీ, అందుకని శివార్లలో వరుసలు. గోడౌన్ దగ్గర హమాలీలు ఖాళీ లేరని వెయిటింగ్, కాటా దగ్గర వెయిటింగ్, యార్డు గేటు దగ్గర వెయిటింగ్. ఫంక్షన్ హాల్ ముందు పెళ్లి వాళ్ల బస్సు ఏసీ వేసుకుని రెండు గంటలు నిలబడుతుంది, ఎందుకంటే వాలిమా భోజనం అయ్యాక చుట్టాలు చల్లటి బస్సే ఎక్కాలంటారు. ఇందులో లారీ డ్రైవర్ ఇష్టంతో ఆగినవి ఎన్ని? హాల్టింగ్ చార్జీ అనేది కిరాయి కాగితంలో ఉన్నా, అది రాబట్టుకోవడం చిన్న ఓనర్‌కు ఎంత కష్టమో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు మెట్లెక్కినవాళ్లకు తెలుసు. పార్టీ రేపు కూడా లోడు ఇవ్వాలి కదా అని ఊరుకునేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు కొత్తగా ఇంకో లెక్క తోడవుతోంది. కొత్తగా తయారయ్యే మధ్య తరహా, భారీ లారీల క్యాబిన్‌లో ఏసీ ఉండాలన్న కేంద్ర నిబంధన 2025లో అమల్లోకి వచ్చింది. మే నెలలో విజయవాడ నుంచి నాగ్‌పూర్ దాకా ఇంజన్ పక్కన ఉడికిపోతూ తోలిన డ్రైవర్లకు ఇది ఎప్పుడో రావాల్సిన సౌకర్యం. అందులో రెండో మాట లేదు. కానీ లారీలో కంపెనీ బిగించే ఏసీ మామూలుగా ఇంజన్ నడిస్తేనే నడుస్తుంది. ఇన్నాళ్లూ మన డ్రైవర్ రాత్రి ఇంజన్ ఆపి, డోరు తీసి, తువ్వాలు తడిపి కప్పుకుని పడుకున్నాడు. చాలామంది లారీ కిందో, పైనో పడుకున్నారు. ఇకనుంచి ఏసీ ఉన్న క్యాబిన్‌లో చెమటతో పడుకోమంటే పడుకోడు, పడుకోవాల్సిన అవసరమూ లేదు. అమెరికా స్లీపర్ ట్రక్కుల గొడవ ఇప్పుడు మన ధాబాల ముందుకు వస్తుంది. వరుసగా 20 లారీలు, 20 ఇంజన్లు, రాత్రంతా. డీజిల్ ఎవరి ఖాతాలో అని ఓనర్‌కు, డ్రైవర్‌కు మధ్య తగువు. ఆ పక్కనే ఇల్లున్నవాళ్లకు కిటికీ మూసుకోవడమే దారి.

ఇంజన్ ఆపినా నడిచే బ్యాటరీ ఏసీలు మన మార్కెట్లోనూ దొరుకుతున్నాయి. బీఎస్-6 లారీలో ఫిల్టర్ బిల్లు, రాత్రి డీజిల్ రెండూ కలిపి లెక్క వేసుకుంటే కొందరు ఓనర్లకు అది గిట్టుబాటు కావచ్చు. ఫైనాన్స్ కిస్తీతో సతమతమవుతున్న ఒక్క బండి ఓనర్‌కు మాత్రం అంత తేలిక కాదు.

స్కూలు బస్సుల విషయం ఇంత చిక్కుముడి కాదు. బడి గేటు దగ్గర బస్సు ఆగేది పది పదిహేను నిమిషాలు, కారణం పిల్లలు ఎక్కడమే తప్ప ఇంకోటి కాదు. ఇంజన్ ఆపమని చెప్పడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. బస్సుల కాంట్రాక్టు మేనేజ్‌మెంట్ చేతిలో ఉంటుంది, అందులో ఒక్క లైను చేర్చితే చాలు. బ్యాటరీ, సెల్ఫ్ మోటారు బాగున్న బస్సునే పంపాలన్నది రెండో లైను. పేరెంట్స్ మీటింగ్‌లో ఫీజుల మాట అయిపోయాక ఈ మాట అడగవచ్చు. డ్రైవర్‌తో గేటు దగ్గర గొడవ పడితే లాభం లేదు, ఆయన్ను ఆ బస్సుతో పంపిన వాళ్లు ఆఫీసు గదిలో ఉంటారు.